కర్సర్ గంతులేస్తుంటే వినకూడని సలహాలు

ల్యాప్‌టాప్ ఒంటరిగా ఉన్నంతసేపు టచ్‌ప్యాడ్ బాగానే పనిచేస్తుంది. ఛార్జర్ పెట్టగానే, లేదా టీవీకి హెచ్‌డీఎంఐ వైరు తగిలించగానే కర్సర్ గంతులు మొదలుపెడుతుంది. వేలు ఒకచోట ఉంటే క్లిక్ ఇంకోచోట పడుతుంది. రెండు వేళ్లతో పేజీ కిందికి జరపబోతే అక్షరాలు పెద్దవైపోతాయి. ఒక్కోసారి ప్యాడ్ అసలు ఉలకదు, పలకదు. ఈ సంగతి నలుగురిలో చెప్పగానే సలహాలు వచ్చిపడతాయి. వాటిలో కొన్ని డబ్బు దండగ చేస్తాయి, కొన్ని ఫైళ్లు పోగొడతాయి, రెండు మూడు మాత్రం ప్రాణం మీదికే తెస్తాయి. మన ఇళ్లలో, హాస్టళ్లలో, రిపేరు షాపుల్లో రోజూ వినిపించే అలాంటి సలహాలనే ఇక్కడ పోగేశాను, వాటిని వినకండని చెప్పడానికి. ఏదైనా తగిలించినప్పుడు మాత్రమే తిక్కగా ప్రవర్తించే టచ్‌ప్యాడ్‌లో చాలాసార్లు ఏ లోపమూ ఉండదు. లోపం తగిలించిన వస్తువులో ఉంటుంది, లేదా ఆ వస్తువు ప్లగ్గు పెట్టిన గోడలో ఉంటుంది.

“విండోస్ పాడైనట్టుంది, ఫార్మాట్ కొట్టించెయ్.” అన్నిటికన్నా ముందు వినిపించే సలహా ఇదే. దీన్ని ఒప్పుకునే ముందు ఒక చిన్న పరీక్ష చెయ్యండి. ఛార్జర్, మౌస్, పెన్‌డ్రైవ్, టీవీ వైరు అన్నీ పీకేసి బ్యాటరీ మీద కాసేపు వాడండి. కర్సర్ నిలకడగా ఉందంటే విండోస్‌కు ఏమీ కాలేదు, ఎందుకంటే బ్యాటరీ మీద నడిచిందీ ఆ విండోసే. ఇప్పుడు ఒక్కొక్క వస్తువే తగిలిస్తూ, తగిలించిన ప్రతిసారీ కాసేపు వాడి చూడండి. ఏది పెట్టినప్పుడు గంతులు మొదలయ్యాయో దాని పేరు కాగితం మీద రాసుకోండి. రెండు మూడు కలిసినప్పుడే వచ్చే తిక్క కూడా ఉంటుంది, అందుకే ఆ వరస కూడా రాసుకోవాలి. కొన్ని ల్యాప్‌టాప్‌లలో బయోస్ తెర మీద కూడా కర్సర్ ఉంటుంది. ఛార్జర్ పెట్టినప్పుడు అక్కడా గంతులేస్తే విండోస్ నిర్దోషి అని తేలిపోయినట్టే, ఎందుకంటే అప్పటికి విండోస్ ఇంకా మొదలే కాలేదు. ఫార్మాట్ కొట్టిస్తే మాత్రం డెస్క్‌టాప్ మీది పిల్లల ఫొటోలు, షాపు లెక్కల ఫైళ్లు పోతాయి. మళ్లీ ఛార్జర్ పెట్టగానే కర్సర్ ఎప్పటిలాగే గంతేస్తుంది.

“సెన్సిటివిటీ తగ్గించు, సరిపోతుంది.” సెట్టింగ్స్‌లోని ఆ మీట పని వేరు. టైపు చేస్తున్నప్పుడు అరచెయ్యి పొరపాటున తగిలితే దాన్ని క్లిక్‌గా తీసుకోవాలా వద్దా అన్నదే అది చూసుకుంటుంది. మీటను కిందికి జరిపితే పొరపాటు క్లిక్‌లు కొన్ని తగ్గవచ్చు, కర్సర్ వణుకు మాత్రం తగ్గదు. ఎందుకు తగ్గదో తెలియాలంటే ప్యాడ్ లోపల ఏం జరుగుతుందో కొంచెం చూడాలి.

ప్యాడ్ పైపొర కింద సన్నని లోహపు గీతలు అడ్డంగా, నిలువుగా అల్లుకుని ఉంటాయి. వేలు ఆనగానే అక్కడి గీతల కెపాసిటెన్స్, అంటే విద్యుత్ ఛార్జిని పట్టి ఉంచే శక్తి, రవ్వంత మారుతుంది. ఆ మార్పు పికోఫారడ్‌లలో, తరచూ అందులో ఒక భాగంలో ఉంటుంది. ఒక ఫారడ్‌ను లక్ష కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగమే పికోఫారడ్. ప్యాడ్‌లోని చిప్పు ఇంత చిన్న మార్పును సెకనుకు ఎన్నోసార్లు కొలుస్తూ వేలు ఎక్కడుందో లెక్కగడుతుంది. గోడలో నుంచి వచ్చే 230 వోల్టుల, 50 హెర్ట్జ్‌ల కరెంటును ఛార్జర్ సెకనుకు వేలకు వేల సార్లు ఆపుతూ వదులుతూ ల్యాప్‌టాప్‌కు కావలసిన తక్కువ వోల్టేజికి దించుతుంది. ఆ పనిలో పుట్టే విద్యుత్ అలజడిని ఎర్త్ వైరు భూమిలోకి దింపేయాలి. ఎర్త్ లేనప్పుడు ఆ అలజడి ల్యాప్‌టాప్ ఒంటి మొత్తాన్నీ పట్టుకుంటుంది. అప్పుడు మీరు వేలు పెడితే, మీ ఒంటికీ ల్యాప్‌టాప్ ఒంటికీ ఉన్న తేడా అంతా ఆ వేలి కొస దగ్గరే ప్యాడ్‌లోకి దిగుతుంది. తిరుగుతున్న ఫ్యాను కింద కంసాలి త్రాసులో బంగారం తూచితే ముల్లు ఎలా ఊగుతుందో కర్సర్ అలా ఊగుతుంది. త్రాసులో దోషం వెతికితే లాభం లేదు, ఫ్యాను ఆపాలి.

ఇదే జబ్బు అని నిర్ధారించుకోవడం తేలిక. కర్సర్ గంతులేస్తున్నప్పుడు రెండో చేతిని ల్యాప్‌టాప్ లోహపు భాగం మీద ఆనించి ఉంచండి. గంతులు తగ్గాయంటే మీ ఒంటికీ దాని ఒంటికీ మధ్య తేడా చెరిగిపోయిందన్నమాట, అంటే దోషం ఎర్త్‌లోనో ఛార్జర్‌లోనో ఉంది. లోహపు ఒళ్లున్న ల్యాప్‌టాప్ మీద ముంజేతిని మెల్లగా రాస్తే సన్నగా జుమ్మనడం కూడా ఇదే గుర్తు. మంచి ఛార్జర్ నుంచి అలా కారే కరెంటు చాలా తక్కువ, దానికి నియమాలు కట్టిన హద్దు ఉంది. నకిలీ ఛార్జర్‌కు ఆ హద్దు ఉందని ఎవరూ హామీ ఇవ్వలేరు. జుమ్మనడం దాటి చురుక్కుమని షాక్ కొట్టిందంటే వెంటనే స్విచ్చి ఆపి ప్లగ్గు పీకెయ్యండి. ఆ ఛార్జర్‌ను మళ్లీ వాడకండి.

“చెప్పులు వేసుకుని వాడుకో, షాక్ కొట్టదు.” చెప్పులు ఆ జుమ్మనడాన్ని మీకు తెలియకుండా చేయవచ్చు. కారణం ఉన్నచోటే ఉంటుంది. ఇంట్లో పిల్లలు వట్టికాళ్లతో వచ్చి అదే ల్యాప్‌టాప్ ముట్టుకుంటారు.

ఇక అసలు ప్రమాదకరమైన సలహాలకు వస్తాను.

“మూడో పిన్ను అడ్డమొస్తే విరగ్గొట్టెయ్, లేదంటే టూ పిన్ కన్వర్టర్ పెట్టు.” పైనున్న లావుపాటి, పొడవాటి పిన్నే ఎర్త్. ప్లగ్గు గోడలోకి దూరేటప్పుడు ఎర్త్ ముందు తగలాలనీ, బయటికి వచ్చేటప్పుడు చివర వదలాలనీ దాన్ని పొడవుగా చేశారు. దాన్ని విరగ్గొడితే కర్సర్ పిచ్చి ముదురుతుంది. అంతకన్నా పెద్ద నష్టం, ఛార్జర్ లోపల ఏదైనా కాలితే ఆ కరెంటు పోవడానికి మీ ఒళ్లు తప్ప వేరే దారి ఉండదు. పెన్ను మూతతో పై రంధ్రం తెరిచి మూడు పిన్నుల సాకెట్‌లో రెండు పిన్నుల ప్లగ్గు దూర్చే అలవాటు హాస్టళ్లలో మరీ ఎక్కువ. అది చూస్తే నాకు గుండె ఝల్లుమంటుంది.

ఒకసారి మీ అడాప్టర్ ఇటుకను తిప్పి చూడండి. గోడ వైపు నుంచి వచ్చే వైరు దూరే చోట మూడు రంధ్రాలుంటే ఆ అడాప్టర్‌కు ఎర్త్ దారి ఉంది. ఇంగ్లిష్ 8 అంకె ఆకారంలో రెండే ఉంటే లేదు. మూడు రంధ్రాలున్న అడాప్టర్‌కు రెండు పిన్నుల ప్లగ్గున్న వైరు తగిలించి ఉంటే, మూడు పిన్నుల వైరు కొనడం ఒక్కటే మీ మరమ్మతు అంతా. ఆపిల్ ఛార్జర్‌లో గోడ ప్లగ్గు జారే చోట ఒక లోహపు బొడిపె ఉంటుంది, దాని ఎర్త్ అదే. చిన్న రెండు పిన్నుల ప్లగ్గు తీసేసి, ఆ బొడిపెను పట్టుకునే మూడు పిన్నుల పొడవు వైరు పెడితే చాలామందికి గంతులు అక్కడితో ఆగిపోతాయి.

ఎక్స్‌టెన్షన్ బాక్సు సంగతి మరీ అన్యాయం. పైన వరసగా మూడు రంధ్రాల సాకెట్లు కనిపిస్తాయి, లోపల నడిచేది మాత్రం రెండు తీగల వైరు. బాక్సు ప్లగ్గుకు రెండే పిన్నులుంటే పైనున్న మూడో రంధ్రం ఉత్తుత్తిదే. అలాంటి బాక్సు మీద మీ మంచి అడాప్టర్ కూడా ఎర్త్ లేనిదే అవుతుంది. ల్యాప్‌టాప్‌ను నేరుగా గోడ సాకెట్‌కు పెట్టి చూడండి, తేడా అప్పుడే తెలుస్తుంది.

“ఎర్త్ లేదా? న్యూట్రల్ నుంచి లూపు వేసెయ్.” నేను వినే సలహాల్లో ఇంత భయంకరమైనది ఇంకొకటి లేదు. పాత ఇళ్లలో సాకెట్ పై రంధ్రం వెనక ఏ తీగా ఉండదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిస్తే ఒక్కోసారి అతను చిన్న తీగ ముక్కతో న్యూట్రల్‌ను, ఎర్త్‌ను కలిపేసి వెళ్తాడు. కర్సర్ కొంచెం నెమ్మదించినా నెమ్మదిస్తుంది, మీరూ సంతోషపడతారు. ఆ తర్వాత ఏదో ఒక రోజు గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ తీగ తెగుతుంది, లేదా మరమ్మతు చేసేటప్పుడు ఫేజ్, న్యూట్రల్ తారుమారవుతాయి. ఆ క్షణం నుంచి ఆ సాకెట్‌కు తగిలించిన ఫ్రిజ్ ఒళ్లు, వాషింగ్ మెషీన్ ఒళ్లు, మీ ల్యాప్‌టాప్ ఒళ్లు అన్నిటి మీదా 230 వోల్టులు ఉండవచ్చు. కర్సర్ కుదురు కోసం ఇంటిల్లిపాదిని ఆ ప్రమాదంలో పెట్టకండి. కుళాయి పైపుకు తీగ కట్టమనే సలహా కూడా ఈ కోవలోదే. ఇప్పుడు పైపుల్లో ఎక్కువభాగం ప్లాస్టిక్‌వి, భూమికి చేరవు. ఇనుప పైపైతే షాకును స్నానాల గదికి మోసుకుపోతుంది.

చేయించవలసినది ఇది. మీటరున్న ఎలక్ట్రీషియన్‌ను పిలిచి సాకెట్‌ను కొలిపించండి. ఫేజ్‌కు, ఎర్త్‌కు మధ్య దాదాపు ఫేజ్‌కు, న్యూట్రల్‌కు మధ్య ఉన్నంత వోల్టేజి రావాలి. న్యూట్రల్‌కు, ఎర్త్‌కు మధ్య కొద్ది వోల్టులకు మించకూడదు. ఇంట్లో గీజరో ఇస్త్రీపెట్టో నడుస్తున్నప్పుడు కూడా ఆ రెండిటి మధ్య సున్నాయే చూపిస్తే ఎవరో లూపు వేశారేమోనని సాకెట్ విప్పించి చూడండి. టెస్టర్ లైటు వెలిగిందా లేదా అన్నదాన్ని బట్టి ఎర్త్ బాగుందని నమ్మకండి, దానితో ఈ విషయం తేలదు. మన దేశంలో ఎర్తింగ్‌కు ఐఎస్ 3043 అనే ప్రమాణం ఉంది. గొయ్యి తవ్వి పైపో పలకో దింపి, చుట్టూ బొగ్గు, ఉప్పు పొరలు వేసి, నీళ్లు పోసే దారి ఉంచే పాత పద్ధతి మీలో చాలామంది చూసే ఉంటారు. ఆ గొయ్యిలో తడి ఉండాలి. రోహిణి కార్తె ఎండలకు మట్టి ఎండిపోయి ఎర్త్ బలహీనపడుతుంది. కర్సర్ వేసవిలోనే ఎక్కువగా ఎగురుతోందంటే గొయ్యిలో నాలుగు బిందెల నీళ్లు పోయించి చూడండి. అపార్ట్‌మెంట్లలో ఆ గొయ్యి సెల్లారు మూలలో, ఒక్కోసారి పార్కింగ్ టైల్స్ కింద ఉంటుంది. ఎక్కడుందో వాచ్‌మన్‌ను, అసోసియేషన్ వాళ్లను అడగండి. అది తెలుసుకునే హక్కు అద్దెకున్నవాళ్లకూ ఉంది. పనిలో పనిగా మెయిన్ దగ్గర, కరెంటు కారితే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ యాంపియర్ల ఆర్‌సీసీబీ ఉందో లేదో చూడమనండి, లేకపోతే పెట్టించండి. ఈ వ్యాసంలో మీరు ఒక్క పనే చేయదలిస్తే అది చేయండి.

“టైప్ సీ పట్టిందా, ఇక ఏ ఛార్జరైనా ఒకటే.” పిన్ను పట్టడం ఒక సంగతి, సరిపడడం ఇంకొకటి. యూఎస్‌బీ పవర్ డెలివరీలో ఛార్జర్, ల్యాప్‌టాప్ మాట్లాడుకుని 5, 9, 15, 20 వోల్టులలో ఒకదానికి ఒప్పుకుంటాయి. కొన్ని ఫోన్ల ఛార్జర్ల మీద పెద్ద వాట్లు రాసి ఉంటాయి గాని, ఆ వేగం ఆ కంపెనీ సొంత ఫోనుకే. ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే చాలా తక్కువే ఇస్తాయి. పైగా ఫోన్ ఛార్జర్లు దాదాపు అన్నీ రెండు పిన్నులవే, అంటే ఎర్త్ దారి లేనివి. నాసిరకం ఛార్జర్ పెట్టి ఫోన్‌లో టైపు చేస్తే ఒక అక్షరం నొక్కితే ఇంకో అక్షరం పడడం మీరు చూసే ఉంటారు. ఫోన్ తెరకు వచ్చిన జబ్బు, ల్యాప్‌టాప్ ప్యాడ్‌కు వచ్చిన జబ్బు ఒకటే. విడి అడాప్టర్ కొనేటప్పుడు లేబుల్ మీద బీఐఎస్ సంస్థ గుర్తుతో పాటు ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉందో లేదో చూడండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే ఎవరి పేరు మీద ఉందో వస్తుంది. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో కొన్నా, మీ ఊరి సెంటర్‌లో కొన్నా ఈ పని డబ్బు ఇచ్చే ముందే చెయ్యండి.

ఇన్వర్టర్ మీద నడిచేటప్పుడే గంతులు వస్తున్నాయంటే అది పాత స్క్వేర్ వేవ్ రకమేమో చూసుకోండి. దాని కరెంటు అల మెలికలు నున్నగా ఉండవు, మొనలు తేలి ఉంటాయి. ఛార్జర్ ఆ మొనలన్నిటినీ వడకట్టలేదు. కరెంటు పోయిన ఆ గంటా బ్యాటరీ మీద పని చేసుకోవడం మేలు.

“ప్యాడ్ చచ్చిపోయింది, మార్పించు.” గంతులు లేకుండా ప్యాడ్ పూర్తిగా పనిచేయడం మానేసిందంటే ముందు మౌస్‌ల లెక్క చూడండి. మౌస్ తగిలించి ఉన్నప్పుడు టచ్‌ప్యాడ్‌ను ఆపేసే ఏర్పాటు విండోస్‌లోనూ ఉంది, మ్యాక్‌లోనూ ఉంది. విండోస్‌లో సెట్టింగ్స్, బ్లూటూత్ అండ్ డివైసెస్, టచ్‌ప్యాడ్ అనే వరసలో వెళ్తే మౌస్ ఉన్నా ప్యాడ్ పనిచేయనిచ్చే గడి కనిపిస్తుంది. అందులో టిక్కు పెట్టండి. మ్యాక్‌లో యాక్సెసిబిలిటీ కింద పాయింటర్ కంట్రోల్‌లో, మౌస్ ఉన్నప్పుడు ప్యాడ్‌ను పట్టించుకోవద్దనే మీట ఉంటుంది, దాన్ని ఆపండి. మౌస్ తగిలించలేదు కదా అంటారేమో. సంచీలో ఆన్‌లోనే ఉండిపోయిన బ్లూటూత్ మౌస్ కూడా తగిలించినట్టే. పక్క రంధ్రంలో మరిచిపోయిన గోరంత రిసీవర్ కూడా అంతే. పాఠం చెప్పేటప్పుడు స్లైడ్లు మార్చే క్లిక్కర్, బొమ్మలు గీసే పలక, కొన్ని గేమింగ్ కీబోర్డులు తామూ మౌస్‌లమేనని ల్యాప్‌టాప్‌కు చెప్పుకుంటాయి. ఇవన్నీ తీశాకే రిపేరు మాట ఎత్తండి. ఎఫ్ఎన్ మీటతో కలిపి నొక్కితే ప్యాడ్ ఆగిపోయే మీట పైవరసలో ఉందేమో కూడా చూడండి, చాలా మోడళ్లలో ఉంటుంది.

ఆపిల్ 2015 నుంచి తెచ్చిన ఫోర్స్ టచ్ ట్రాక్‌ప్యాడ్ విషయంలో ఇంకో అపోహ ఉంది. అది నిజంగా కిందికి దిగదు. నొక్కినట్టు అనిపించేది లోపలి చిన్న మోటారు కొట్టే దెబ్బ. ల్యాప్‌టాప్ ఆపి ఉన్నప్పుడు రాయిలా బిగుసుకుని ఉందంటే అది దాని తీరు. లోపల దుమ్ము పట్టిందని ఎవరైనా విప్పబోతే విప్పనివ్వకండి.

“వైర్‌లెస్ మౌస్ బ్యాటరీ మార్చు, కొత్తది కొను.” హార్డ్ డిస్కో హబ్బో పెట్టినప్పుడే వైర్‌లెస్ మౌస్, బ్లూటూత్ ట్రాక్‌ప్యాడ్ తడబడుతుంటే కారణం వేరు. యూఎస్‌బీ 3 వస్తువులు, వాటి వైర్లు 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో రేడియో చప్పుడు చేస్తాయి. సరిగ్గా ఆ చోటే మౌస్ రిసీవర్, బ్లూటూత్ మాట్లాడుకుంటాయి. ఇంటెల్ 2012లోనే దీని మీద ఒక పత్రం వెలువరించింది. చిన్న యూఎస్‌బీ 2 పొడిగింపు వైరు కొని రిసీవర్‌ను ఒక జానెడు దూరం జరపండి, లేదా ల్యాప్‌టాప్ రెండో వైపు పెట్టండి. ల్యాప్‌టాప్‌లోని సొంత ప్యాడ్ లోపలి తీగతో కలిసి ఉంటుంది కాబట్టి దానికి ఈ బాధ లేదు. ఈ రెండు జబ్బులనూ కలిపేసి వైద్యం చేయడం వల్లే చాలా డబ్బు పోతోంది.

టీవీ పెట్టినప్పుడు వచ్చే గంతులకు హెచ్‌డీఎంఐ వైరు మార్చమంటారు. వైరు పైతొడుగు టీవీ ఒంటినీ, ల్యాప్‌టాప్ ఒంటినీ కలుపుతుంది. టీవీకి సెట్‌టాప్ బాక్సు, దానికి వీధి నుంచి వచ్చిన కేబుల్ తోడుంటాయి. ఆ కేబుల్ కొస పట్టుకుంటే చురుక్కుమనడం మనలో చాలామందికి అనుభవమే. కేబుల్‌ను బాక్సు నుంచి విప్పి చూడండి. గంతులు ఆగితే హెచ్‌డీఎంఐ వైరు మంచిదే, కేబుల్ ఆపరేటర్‌కు ఫోన్ చేసి ఆ షాక్ సంగతి చెప్పండి.

పెట్రోలుతోనో థిన్నర్‌తోనో తుడవమంటే వద్దనండి, పైపొర పాడవుతుంది. ల్యాప్‌టాప్ ఆపి, కొద్దిగా తడిపి పిండిన మెత్తటి గుడ్డతో తుడిస్తే చాలు. చెమట వేళ్లు, తడి వేళ్లు కూడా ప్యాడ్‌ను తికమక పెడతాయి.

“ప్యాడ్ ఉబ్బిందా? గట్టిగా నొక్కు, కూర్చుంటుంది.” దీన్ని మాత్రం ఎవరు చెప్పినా వినవద్దని చేతులు జోడించి అడుగుతున్నాను. చాలా ల్యాప్‌టాప్‌లలో బ్యాటరీ ప్యాడ్ కిందో, దాని పక్కనో ఉంటుంది. ప్యాడ్ అంచు పైకి లేచినా, క్లిక్ గట్టిపడినా, మూత సరిగా మూసుకోకపోయినా లోపల బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. నొక్కితే, గాలి పోతుందని సూదితో పొడిస్తే లిథియం బ్యాటరీ మండుతుంది. వెంటనే ల్యాప్‌టాప్ ఆపి, ఛార్జర్ తీసెయ్యండి, మళ్లీ ఛార్జింగ్ పెట్టకండి. మంచం మీద, పరుపు మీద ఉంచకండి. సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్లి బ్యాటరీ తీయించండి. తీసిన బ్యాటరీని చెత్తబుట్టలో వేయకుండా వాళ్లకే అప్పగించండి.

ఇన్ని చేశాక కూడా షాపుకు వెళ్లక తప్పకపోతే ల్యాప్‌టాప్ ఒక్కటే పట్టుకెళ్లకండి. మీ ఛార్జర్, దాని వైరు, మీ ఎక్స్‌టెన్షన్ బాక్సు, మౌస్, హబ్బు, రాసుకున్న కాగితం అన్నీ తీసుకెళ్లండి. షాపు వాళ్లు తమ ఛార్జర్ తమ సాకెట్‌కు పెట్టి చూసి బాగానే ఉందంటారు, లేదా ఇంకాస్త తొందరపడి ప్యాడ్ మార్చేద్దామంటారు. ముందు మీ వస్తువులన్నీ అక్కడి గోడ సాకెట్‌కే తగిలించి మీ కళ్ల ముందు నడిపించమనండి. అక్కడ కర్సర్ నిలకడగా ఉంటే మీ బాక్సు మీద పెట్టి మళ్లీ చూడమనండి. బాక్సు మీద గంతులేస్తే మార్చవలసింది బాక్సు. దాని మీద కూడా నిలకడగానే ఉంటే ప్యాడ్ కోసం దాచిన డబ్బు జేబులోనే ఉంచుకుని ఇంటికి వచ్చి, సాకెట్ కొలిపించడానికి ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చెయ్యండి.